కుక్కని చూసుకోమన్నారు సరే, మొహమాటానికి హద్దెక్కడ?

ఒంగోలు నుంచి అడిగిన అమ్మాయికి ఈ జవాబు. చదువైపోయి ఇప్పుడిప్పుడే పనిలోకి దిగానని రాశావు కాబట్టి నువ్వు అంటున్నా, ఏమనుకోకు. నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఊళ్ళకి పోయేవాళ్ళ ఇళ్ళకెళ్ళి కుక్కలకి అన్నం పెట్టి, తిప్పి, కావాలంటే రాత్రి అక్కడే పడుకునే పని పెట్టుకున్నావు. ఒక రిటైరైన దంపతులు, వాళ్ళకో లాబ్రడార్. బెంగళూరులో కొడుకు దగ్గరికి తరచూ పోతారు. ఆదివారం వస్తామని మంగళవారం వస్తారు. రోజుకి ఏడెనిమిది వీడియో కాల్స్. వాళ్ళు చాలక అమెరికాలో ఉన్న కూతురు కూడా చేస్తుంది. మొక్కలకి నీళ్ళు, గ్యాస్ బండ దించుకోవడం, పాలవాడి లెక్క అన్నీ నీ నెత్తినే. డబ్బుల దగ్గరికొచ్చేసరికి మాత్రం "నువ్వు మా ఇంటి పిల్లవే కదమ్మా" అని సగం చేతిలో పెడతారు. మానేద్దామంటే కుక్కకి నువ్వు అలవాటైపోయావు, వాళ్ళూ చెడ్డవాళ్ళేం కాదు, గొడవ లేకుండా ఎలా చెప్పాలి అని అడిగావు.

సూటిగా చెబుతా. వాళ్ళకి నచ్చజెప్పే ప్రయత్నం చేయొద్దు, రేటు కట్టు. ఆలస్యంగా వస్తే ఇంత, మొక్కలకి ఇంత, సగం డబ్బు ముందే. ఇదంతా వాళ్ళు ఊళ్ళో ఉన్నప్పుడు, తర్వాతి ప్రయాణానికి ఇంకా తేదీలు అనుకోకముందే, ఒక్క మెసేజ్‌లో రాసి పంపు. ఒప్పుకుంటే చెయ్యి, లేదంటే నమస్కారం పెట్టి తాళం ఇచ్చెయ్. కుక్క నీ చేతిలో ఉన్నంతసేపు మాత్రం ఈ మాటలేవీ ఎత్తొద్దు. వాళ్ళు బెంగళూరులో, కుక్క నీ దగ్గర ఉండగా డబ్బు సంగతి మాట్లాడితే అది బెదిరించినట్టే ఉంటుంది, నీ వైపు ఎంత న్యాయమున్నా.

నేను నెల్లూరులో ఈ పని చాన్నాళ్ళుగా చేస్తున్నా. అంతకుముందు ఒక పశువుల డాక్టర్ గారి క్లినిక్‌లో సహాయకురాలిగా ఉండేదాన్ని, పరిచయాలన్నీ అక్కడివే. నేను చూసినంతలో మన ఊళ్ళలో సతాయించే క్లయింటు అంటే అరిచేవాడు కాదు. అరిచేవాడితో ఒక్కరోజులో తేలిపోతుంది, మనకీ కోపమొస్తుంది, వదిలేస్తాం. ప్రేమగా నెత్తినెక్కేవాళ్ళతోనే వస్తుంది చిక్కంతా. వెళ్ళగానే కాఫీ ఇస్తారు, సంక్రాంతికి అరిసెలు కట్టిస్తారు, మన పెళ్ళి సంబంధం గురించి మనకన్నా ఎక్కువ దిగులు పడతారు. ఆ అరిసెల డబ్బా చేతిలో పెట్టి "ఇంకో రెండ్రోజులు చూడుమా, మేం అట్నుంచటు తిరుపతి పోయొస్తాం" అంటే నోరెలా పెగులుతుంది?

మోసం చేస్తున్నామని వాళ్ళు అనుకోరు, అది గమనించు. పనిమనిషికి నెలకెంత, వంటమనిషికెంత, డ్రైవర్‌కి బత్తా ఎంత అనేది ప్రతి ఇంట్లో తెలిసిన లెక్క. కుక్కని చూసుకోవడానికి మన దగ్గర ఇంకా అలాంటి లెక్క కుదరలేదు. మొన్నటిదాకా పక్కింటివాళ్ళు ఇంత అన్నం పడేసేవాళ్ళు, లేదా వాచ్‌మన్ చూసేవాడు, దానికి డబ్బేంటి అనేది వాళ్ళ మనసులో ఎక్కడో ఉంటుంది. కాబట్టి ఆ లెక్క కుదర్చాల్సింది మనమే, వాళ్ళకై వాళ్ళు ఎప్పటికీ కుదర్చరు.

నేను పంపే మెసేజ్ ఇలా ఉంటుంది, కావాలంటే నీకు తగ్గట్టు మార్చుకో:

"నమస్తే అంకుల్. వచ్చే నెల నుంచి నా పద్ధతి ఇలా పెట్టుకున్నాను. ఒక రోజు అంటే ఉదయం ఎనిమిది నుంచి మర్నాడు ఉదయం ఎనిమిది. సగం డబ్బు బుకింగ్ అప్పుడు, మిగతాది తాళం తిరిగి ఇచ్చేటప్పుడు. చెప్పిన రోజు దాటితే ఆ పై రోజులకి ఒకటిన్నర రేటు. ఫోటోలు, వీడియో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేనే పంపుతాను. మొక్కలు, సిలిండర్ లాంటివి ముందే చెబితే విడిగా కలిపి చెబుతాను. మీ తర్వాతి ప్రయాణం తేదీలు తెలిశాక చెప్పండి."

ఇందులో సారీ లేదు చూశావా. కారణం కూడా లేదు. కారణం చెప్పావో, బేరం మొదలవుతుంది. పెట్రోల్ రేటు పెరిగిందండీ అన్నావనుకో, "మీ ఇల్లు పక్క వీధేగా" అంటారు. నాకు ఇంకో ఇల్లుందండీ అంటే "ఆ ఇంటికి పోయొచ్చి చూడు, మాకేం తొందర లేదు" అంటారు. నా పద్ధతి ఇదీ అన్నప్పుడు మాత్రం అడగడానికి ఏమీ దొరకదు. ఎంత రేటు పెట్టాలని నన్నడగొద్దు, మీ ఊళ్ళో క్లినిక్ దగ్గర కనుక్కుంటే తెలుస్తుంది. ఎంత పెట్టినా పరవాలేదు కానీ మనిషికో రేటు పెట్టొద్దు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

ఆలస్యం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు పౌర్ణమి వస్తే టెన్షన్. నెల్లూరు నుంచి అరుణాచలం గిరి ప్రదక్షిణకి పోయేవాళ్ళు ఎంతమందో నీకు తెలుసు. "రాత్రికి ప్రదక్షిణ, పొద్దున్నే దర్శనం, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాం" అంటారు. మధ్యాహ్నానికి ఫోన్ వస్తుంది, ఇంత దూరం వచ్చాం కదా దారిలో వెల్లూరు గోల్డెన్ టెంపుల్ చూసుకుని వస్తామని. సాయంత్రం ఇంకో ఫోన్, ఎట్లాగూ ఇటొచ్చాం కదా కాణిపాకం కూడా అని. దేవుడి దగ్గరికి పోతున్నవాళ్ళని వద్దని ఎవరంటారు? నేనూ అనను. "మంచిదండీ, నా తరఫున కూడా ఒక దణ్ణం పెట్టుకోండి, రేపటికి ఒకటిన్నర రేటు పడుతుంది" అంటా, అంతే. ఈ పద్ధతి పెట్టాక తమాషా ఏంటంటే, చాలామంది మొదట్లోనే ఒక రోజు ఎక్కువ కలిపి బుక్ చేసుకోవడం మొదలుపెట్టారు. నాకు కావాల్సిందీ అదే, వాళ్ళ దగ్గర ఎక్కువ డబ్బు గుంజాలని కాదు, మర్నాడు వేదాయపాళెంలో ఇంకో ఇంటికి పొద్దున ఆరింటికి వస్తానని మాటిచ్చి ఉంటాను కదా.

అయితే ఆలస్యానికీ ఆలస్యానికీ తేడా ఉంటుంది. 2021 నవంబర్‌లో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని, హైవే మీద బండ్లు ఆగిపోయినప్పుడు విజయవాడ వైపు పోయినవాళ్ళు ఎలా వస్తారు? అప్పుడు నేను ఎవరి దగ్గరా మామూలు రేటుకి మించి ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇంట్లో చావు, ఆసుపత్రి, వాయుగుండం, వీటికి మినహాయింపు అని, యజమానుల చేత నేను సంతకం పెట్టించుకునే కాగితంలోనే రాసి ఉంటుంది. అలా రాసి పెట్టుకోవడం వల్ల ఇంకో లాభం, గోల్డెన్ టెంపుల్ ఆ జాబితాలో లేదని వాళ్ళకే తెలుస్తుంది.

ఇక ఫోన్లు. మీ లాబ్రడార్ వాళ్ళ కూతురి సంగతి చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే మన జిల్లాల్లో ఇది ఇంటింటి కథ. కుక్కని కొన్నది పిల్లలు, వాళ్ళు డల్లాస్‌కో అట్లాంటాకో పోయారు, కుక్క అమ్మానాన్నల దగ్గర మిగిలింది. చలికాలంలో మనకి రాత్రి తొమ్మిదైతే డల్లాస్‌లో పొద్దున తొమ్మిదిన్నర. ఆ అమ్మాయి ఆఫీసులో కూర్చుని తీరిగ్గా కాల్ చేస్తుంది, మనం ఇక్కడ ఆఖరి వాక్ అయిపోయి కాళ్ళు చాపుకుంటున్న టైమ్. తండ్రేమో "దానికి పెరుగన్నం పెడితే చాలుమా" అంటాడు, కూతురేమో "పెరుగన్నం అస్సలు వద్దు ఆంటీ, నేను పంపిన డ్రై ఫుడ్డే గ్రాములు తూచి పెట్టండి" అంటుంది. ఇద్దరి మాటా వింటే మనం మధ్యలో నలిగిపోతాం.

పని చెప్పేది ఒక్కరే ఉండాలి. ఎవరు డబ్బిస్తారో వాళ్ళు కావచ్చు, కాకపోవచ్చు, కానీ ఒక్క పేరు, ఒక్క నంబరు. మిగతావాళ్ళు ఎవరు ఫోన్ చేసినా "మీరు నాన్నగారికి చెప్పండి, ఆయన నాకు చెబితే చేస్తాను" అనేదే నా జవాబు. దర్గామిట్టలో ఒక ఇంట్లో ఈ మాట అన్నందుకు అమెరికా కొడుకుకి కోపమొచ్చి వాళ్ళ నాన్న చేత నన్ను మాన్పించాడు. సరే అనుకున్నా. కొన్నాళ్ళకి ఆ తండ్రే ఫోన్ చేసి "వాడి మాట వదిలెయ్‌మా, నువ్వు నాకు చెప్పు" అన్నాడు. అన్నిసార్లూ ఇలా తిరిగొస్తారని మాత్రం నమ్మకం పెట్టుకోకు.

వీడియో కాల్స్ వద్దనడానికి నీకో మంచి కారణం ఉంది, అది కుక్కదే. చాలా కుక్కలు ఫోన్‌లో యజమాని గొంతు వినగానే గుమ్మం దగ్గరికి పరిగెత్తుతాయి. స్క్రీన్ మీద మనిషిని అవి పెద్దగా పట్టించుకోవు, గొంతు మాత్రం గుర్తుపడతాయి. బాలాజీ నగర్‌లో ఒక పొమరేనియన్ ఉండేది. సాయంత్రం వాళ్ళ అమ్మగారు ఫోన్‌లో "చిన్నీ" అని పిలిచేది, అది చెవులు నిక్కించి గేటు కాడికి పోయి, కమ్మీల సందులోంచి మూతి బయటపెట్టి, స్కూటర్ చప్పుడు విన్నప్పుడల్లా తోకాడించి, మళ్ళీ తోక దించి, చీకటిపడేదాకా అక్కడే. గిన్నెలో అన్నం అట్లాగే ఎండిపోయేది. ఆ గేటు దగ్గరి వీడియోనే తీసి ఆవిడకి పంపా, ఒక్క మాట రాయలేదు. మర్నాటి నుంచి కాల్ లేదు. అన్ని కుక్కలూ ఇలా చేయవు, కొన్నింటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, మీ లాబ్రడార్ ఏం చేస్తుందో నువ్వే చూసి చెప్పు.

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బుతో తేలేవి. మొక్కలు, ఆలస్యం, అదనపు పనులు, వీటికి రేటు కడితే సరి. ఎంతిచ్చినా చేయకూడనివి కొన్నున్నాయి, వాటికి రేటే చెప్పకూడదు. ఈ రెండూ కలిపేస్తేనే కొత్తవాళ్ళు దెబ్బతింటారు. చిన్నదానికి మొండికేసి, పెద్దదానికి సరే అనేస్తారు.

మొదటిది రేబిస్ టీకా. టీకా పుస్తకం నా కళ్ళతో చూడందే, ఏడాది దాటలేదని తేదీ చదవందే తాళం తీసుకోను. "ఇంట్లో పెరిగే కుక్క, బయటికే పోదు, దానికెందుకు" అనే మాట డాక్టర్ల ఇళ్ళలో కూడా విన్నా. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం అన్నది దాదాపు లేదు, కాబట్టి ఇక్కడ మొహమాటానికి తావే లేదు. కుక్కల్ని మీ ఇంట్లో కూడా ఉంచుకుంటానంటే, పార్వో అనే వైరస్ జబ్బుకి టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్ని అసలు రానివ్వకు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ ద్రావణంతో కడగాలి. ఒక పిల్ల తెచ్చి వదిలేసిపోతే తర్వాత వచ్చే ప్రతి పిల్లా ప్రమాదంలో పడినట్టే, అప్పుడు నీ పేరు ఊళ్ళో ఏమవుతుందో ఆలోచించు.

రెండోది కరిచే కుక్క సంగతి దాచడం. "కరుస్తుందా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి నెల్లూరు జిల్లాలో నిజమైన జవాబు ఇచ్చిన యజమాని నాకింకా తగల్లేదు, అందరూ "మా వాడా? చీమకి కూడా హాని చేయడు" అంటారు. ఇలా అడుగు: అన్నం తినేటప్పుడు గిన్నె ముట్టుకుంటే ఏం చేస్తాడు? చివరిసారి ఎవరి మీదికి పోయాడు? గోళ్ళు ఎవరు కత్తిరిస్తారు, అప్పుడు మూతి కడతారా? మూతి కడతాం అన్నారంటే నీకు జవాబు దొరికినట్టే. కరిస్తే మాత్రం యజమానికి ఫోన్ చేయడం తర్వాత సంగతి, ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడుగు, అదే రోజు ఆసుపత్రికి పో. ప్రభుత్వాసుపత్రిలో ఇంజెక్షన్ ఉచితం. కుక్కకి టీకా ఉంది కదా అని ఊరుకోకు, డాక్టర్ వద్దంటేనే వద్దు. ఇంకో మాట, జంతువు వల్ల మనుషులకి అపాయం రాకుండా దాన్ని పెట్టుకున్నవాళ్ళు జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో పడొచ్చు. వాక్‌కి తీసుకెళ్ళినప్పుడు గొలుసు నీ చేతిలో ఉంటుంది కదా, కాబట్టి "గొలుసు లేకుండా వదులు, మావాడు ఎక్కడికీ పోడు" అంటే సరే అనొద్దు.

మూడోది ఎండ. రోహిణి కార్తెలో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. పొద్దున పదకొండింటికి వాక్‌కి తీసుకెళ్ళమనేవాళ్ళున్నారు, "మేడ మీద కట్టెయ్, నీళ్ళు పెడితే చాలు" అనేవాళ్ళున్నారు. కుదరదు అంతే. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి దారి. మామూలుగా దాని ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, 104 దాటిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. సిమెంటు రోడ్డు మీద మన అరచేతి వెనక భాగం ఆనించి కాసేపు ఉంచలేకపోతే దాని పాదాలకీ అంతే. లాబ్రడార్, పైగా ఒళ్ళు చేసిందని రాశావు, దాన్నైతే పొద్దున ఏడులోపు, సాయంత్రం నేల చల్లబడ్డాకే తిప్పు. పగ్గులాంటి మూతి చప్పిడి కుక్కలకి ఇంకా కష్టం.

నాలుగోది మందులు. "ఒళ్ళు వేడిగా ఉందా, ఇంట్లో క్రోసిన్ ఉంది, సగం వెయ్యి" అని ఫోన్లోనే వైద్యం చెబుతారు. పిల్లికి పారాసెటమాల్ ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి, కుక్కలకి ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీల మీదికి పోతుంది. డాక్టర్ రాసిన చీటీ ఉంటేనే వేస్తా అని చెప్పు. దానికి తగ్గట్టే నీ కాగితంలో ఒక లైన్ ఉండాలి: అత్యవసరమైతే ఫలానా క్లినిక్‌కి తీసుకెళ్తాను, ఇన్ని వేల దాకా మిమ్మల్ని అడక్కుండా ఖర్చు పెడతాను, ఆ డబ్బు మీరివ్వాలి. ఈ లైన్ మీద సంతకం పెట్టడానికి వెనకాడినవాళ్ళ ఇంటికి నేను పోను. రాత్రి రెండింటికి కుక్క కడుపుబ్బి గిలగిల్లాడుతుంటే, వాళ్ళ ఫోన్ స్విచ్చాఫ్ ఉంటే, నా జేబులోంచి పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చోలేను.

బీరువా ఉన్న గదికి తాళం వేసి ఆ తాళం వాళ్ళతోనే తీసుకుపొమ్మను. ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టేటప్పుడూ, ఆఖరిసారి బయటికొచ్చేటప్పుడూ ఫోన్లో ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకో. ఒక ఇంట్లో వాచీ పోయిందని నా మీద అనుమానపడ్డారు, రెండు రోజుల తర్వాత వాళ్ళ కారు సీటు కింద దొరికింది. దొరికిందని చెప్పారు కానీ, అన్న మాటకి ఏమీ అనలేదు. ఆ ఇంటికి మళ్ళీ పోలేదు. కెమెరాలు ఎక్కడున్నాయో ముందే అడుగు, రాత్రి పడుకునే గదిలో ఉంటే తీయించు, లేదా రాత్రి ఉండనని చెప్పు. ఒంటరిగా ఉండే మగవాళ్ళ ఇళ్ళకి మొదటిసారి మాట్లాడటానికి పోయేటప్పుడు మీ అన్ననో అమ్మనో తీసుకుపో. ఇందులో సిగ్గుపడేదేం లేదు, ఏమనుకుంటారో అన్న ఆలోచన కూడా అనవసరం.

అమెరికా ప్రయాణాల గురించి కూడా ఒక మాట. ఆరు నెలలకి పోతూ కుక్కని మనింట్లో వదిలిపోయి, మూడో నెల నుంచి డబ్బు పంపక, ఫోన్ ఎత్తకపోవడం చూశా. అప్పుడు చాలామంది పోలీస్ కంప్లయింట్ ఇస్తానని బెదిరిస్తారు. జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే, కానీ మొదటిసారి తప్పుకి ఆ చట్టంలో ఉన్న జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అవును, 50 రూపాయలే. దాంతో ఎవరు భయపడతారు? అందుకే నేను ఇలాంటి వాటికి నెల డబ్బు నెలకి ముందే తీసుకుంటా, పైగా ఊళ్ళోనే ఉండే ఇంకో బంధువు పేరు, సంతకం కాగితం మీద ఉండాలంటా. డబ్బు ఆగిన వారానికి కుక్క ఆ బంధువు ఇంటికి పోతుంది. ఆ బంధువుని మనం ముందే ఒకసారి కలవాలి, ఎందుకంటే కొన్నిసార్లు ఆయనకి తన పేరు రాశారన్న సంగతే తెలియదు.

మనవాళ్ళ సంగతి అడగలేదు కానీ అడుగుతావు ఎలాగూ. పిన్ని, మేనమామ, స్కూల్ ఫ్రెండు. నేను పాటించేది ఒకటే, చేస్తే పూర్తిగా ఉచితంగా చేస్తా, లేదంటే పూర్తి రేటు. సగం రేటు ఎవరికీ లేదు. సగం ఇచ్చినవాడు డబ్బిచ్చాను కదా అని అజమాయిషీ చేస్తాడు, మనకేమో సగమే కదా ఇచ్చాడు అని లోపల నసుగుడు. ఉచితంగా చేసినప్పుడు మాత్రం "ఈసారికి నా తరఫున" అని నోటితో చెప్పి మరీ చెయ్యి, ఆ "ఈసారికి" అనే మాట మింగొద్దు.

ఇప్పుడు వదిలేయాల్సి వస్తే ఎలా అనేది. నువ్వు భయపడేదీ ఇదే, కుక్క ఏమైపోతుందో అని. ప్రయాణం మధ్యలో ఎప్పుడూ వదలొద్దు, పండగ ముందు కూడా వదలొద్దు. సంక్రాంతికి వారం ముందు రానంటే వాళ్ళకి ఇంకో మనిషి దొరకడు, ఆ కోపం మన పేరు మీద ఊరంతా తిరుగుతుంది. వాళ్ళు తిరిగొచ్చి కాస్త కుదురుకున్నాక, ఇంటికి పోయి తాళం చేతికిచ్చి, ఇచ్చినట్టు ఒక మెసేజ్ పెట్టు: "ఆంటీ, తాళం ఈరోజు మీ చేతికిచ్చాను. ఇకపై నాకు రావడం కుదరదు. ఫలానా అబ్బాయి కూడా ఇదే పని చేస్తాడు, కావాలంటే మాట్లాడండి." వాళ్ళ తప్పులు చదవడం మొదలుపెట్టకు. ఆ తర్వాత వాళ్ళు గూగుల్‌లో ఒక స్టార్ ఇచ్చి ఏదో రాస్తే ఒకే ఒక్కసారి, మర్యాదగా, రెండు లైన్లలో జవాబు రాసి ఊరుకో. మన పనికి క్లయింట్లు ఎక్కువగా వచ్చేది క్లినిక్‌లో కాంపౌండర్ చెప్పే మాట వల్ల, కుక్కల తిండి అమ్మే షాపులో వాళ్ళు చెప్పే మాట వల్ల. వాళ్ళతో మంచిగా ఉంటే ఆ ఒక్క స్టార్‌తో కొంప మునగదు.

కొత్తగా మొదలుపెట్టి, చేతిలో మూడు నాలుగు ఇళ్ళే ఉన్నప్పుడు ఇవన్నీ ఒకేసారి పెట్టడం కష్టమే, నాకు తెలుసు. అద్దె కట్టాలి, ఇంట్లోవాళ్ళు ఇదేం పని అని అడుగుతుంటారు. అలా ఉంటే అడ్వాన్స్ ఒక్కటి ముందు పెట్టు, మిగతావి మెల్లగా చేర్చు. ఫోన్‌పేలో సగం డబ్బు ముందు పడిన ఇంటికీ, పడని ఇంటికీ నడతలో తేడా నీకే కనిపిస్తుంది. ముందు డబ్బిచ్చిన మనిషి తేదీలు మార్చేముందు ఒకసారి ఆలోచిస్తాడు. టీకా, ఎండ, మందులు, ఇవి మాత్రం మొదటిరోజు నుంచే, ఒక్క ఇల్లే ఉన్నా సరే.

ఈ లాబ్రడార్ వాళ్ళు నువ్వు రాసినదాన్ని బట్టి మెసేజ్ చూడగానే కొంచెం నొచ్చుకుని, ఒక పూట మాట్లాడకుండా ఉండి, తర్వాత ఒప్పుకునే రకంలాగే ఉన్నారు. "ఏంది మా, మాతో కూడా లెక్కలేనా" అని ఒక ఫోనైతే ఖాయం. దానికి జవాబు తయారుగా పెట్టుకో: "లెక్క ఉంటేనే అంకుల్, నేను నిశ్చింతగా వచ్చి చూసుకోగలిగేది." అంతకుమించి లాగొద్దు, వేరే మాటలోకి పో, కుక్క చెవుల సంగతి అడుగు, లాబ్రడార్‌లకి చెవిలో ఇన్ఫెక్షన్ మామూలే కాబట్టి మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

వాళ్ళు ఈ ఆదివారం వస్తున్నారన్నావు, అంటే మంగళవారం అనుకుందాం. వచ్చిన రోజే మెసేజ్ పంపకు. పోయినసారి బాకీ కూడా ఉందని రాశావు కదా, ముందు అది నీ అకౌంట్‌లో పడనీ, తర్వాత పంపు.